శుక్లాల ఆపరేషన్ రోజు ఏం జరుగుతుంది? అనంతగిరి నుంచి బయలుదేరే ముందే తెలుసుకోండి

మా నానీని మొదటిసారి కంటి ఆపరేషన్‌కి తీసుకెళ్ళిన రోజు ఆపరేషన్ జరగలేదు.

తెల్లవారుజామున నాలుగింటికి లేచాం. ఫజర్ నమాజ్ అయ్యాక ఆటో పట్టుకుని రోడ్డు మీదకి వచ్చి, అక్కడి నుంచి బస్సులో ఘాట్ దిగి, మళ్ళీ ఇంకో బస్సెక్కి పట్నం చేరాం. ఆసుపత్రిలో నానీ వేలికి సూది గుచ్చి షుగర్ చూశారు. చాలా ఎక్కువ ఉంది. "ఇవాళ చెయ్యలేం. షుగర్ అదుపులోకి వచ్చాక రండి" అన్నారు. సాయంత్రానికి మళ్ళీ అదే ఘాట్ ఎక్కాం. దారంతా నానీ ఒక్క మాట మాట్లాడలేదు.

తర్వాత తెలిసింది ఏంటంటే, ఆపరేషన్ ముందు మందులేవీ వేసుకోకూడదని ఎవరో చెప్తే, నానీ రెండు రోజుల ముందు నుంచే షుగర్ మాత్ర మానేసింది. మాకు చెప్పలేదు. మేము అడగలేదు. మాత్రల సంగతి ఏం చెయ్యాలని ఆసుపత్రివాళ్ళని కూడా నేను అడగలేదు. నేను బీకాం చదివాను కాబట్టి ఇంటికొచ్చాక లెక్క వేశాను. ముగ్గురి బస్సు, ఆటో చార్జీలు, తిండి, మామూ దుకాణం ఒక రోజు మూత, నా ఒక రోజు సెలవు. ఆపరేషన్ ఉచితమే. కానీ జరగని ఆపరేషన్‌కి మాకు అంత ఖర్చయింది. రోజు కూలి మీద బతికే ఇంట్లో అయితే మళ్ళీ ఆ ఖర్చు పెట్టుకోవడానికి ఏడాది పట్టొచ్చు. కొందరు అసలు తిరిగి వెళ్ళరు. ఆ కన్ను అలాగే ఉండిపోతుంది.

అందుకే ఈ వ్యాసం. ఆపరేషన్ రోజు పొద్దున నుంచి రాత్రి దాకా ఏం జరుగుతుందో, ఎందుకు జరుగుతుందో, దేనికి వెనక్కి పంపుతారో వరసగా చెప్తాను. హైదరాబాద్ పాఠకులకు ఒక మాట. ఇది వికారాబాద్ పక్కన ఉన్న అనంతగిరి కాదు. అల్లూరి సీతారామరాజు జిల్లాలో, విశాఖ నుంచి అరకు వెళ్ళే దారిలో ఘాట్ ఎక్కాక వచ్చే అనంతగిరి మండలం. బొర్రా గుహలు ఉన్నది ఈ మండలంలోనే.

శుక్లం అంటే ఏంటి?

మన కంట్లో నల్లగుడ్డు వెనకాల ఒక చిన్న కటకం ఉంటుంది. పుట్టినప్పుడు అద్దంలా ఉంటుంది. వయసుతో మెల్లగా మసకబారుతుంది. దాన్నే శుక్లం అంటారు, మన దగ్గర చాలామంది "కంట్లో పొర వచ్చింది" అంటారు. నిజానికి అది కంటి మీద పెరిగే పొర కాదు, లోపలి కటకమే తెల్లబడటం. కాబట్టి చుక్కల మందుతో కరగదు. ఆకు పసరుతో అసలు పోదు. పసరు పోస్తే కంటి పైభాగం పుండు పడి, బాగుచెయ్యగల కన్ను కూడా పాడైపోవచ్చు.

మన దేశంలో 2015 నుంచి 2019 దాకా జరిగిన జాతీయ సర్వేలో, 50 ఏళ్ళు దాటినవాళ్ళలో అంధత్వానికి 66.2 శాతం కారణం శుక్లమేనని తేలింది. అంటే చూపు పోయిన ప్రతి ముగ్గురు పెద్దవాళ్ళలో ఇద్దరికి ఆపరేషన్‌తో నయం చెయ్యగల జబ్బు ఉందన్నమాట. కేంద్ర ప్రభుత్వం 1976లో మొదలుపెట్టిన అంధత్వ నివారణ కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లోనూ, గ్రాంట్ తీసుకునే స్వచ్ఛంద సంస్థల ఆసుపత్రుల్లోనూ ఈ ఆపరేషన్ ఉచితంగా చేస్తారు. విశాఖలో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది. 1987లో హైదరాబాద్‌లో మొదలైన ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రికి విశాఖలో క్యాంపస్ ఉంది. శంకర్ ఫౌండేషన్ ఆసుపత్రి ఉంది. ఎక్కడికి వెళ్ళాలో తెలియకపోతే ముందు మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, లేదా ఆశా కార్యకర్తని అడగండి. కంటి శిబిరం ఎప్పుడు ఉందో, ఆసుపత్రి బండి వస్తుందో లేదో వాళ్ళకి తెలిసే అవకాశం ఎక్కువ.

"పొర బాగా ముదిరాకే తియ్యాలి" అనే మాట ఇంకా వినిపిస్తుంది. అది పాత రోజుల పద్ధతికి సంబంధించిన మాట. ఇప్పుడు ముదిరేదాకా ఆగనక్కర్లేదు. బాగా ముదిరితే ఆపరేషన్ కష్టమవుతుంది, ఒక్కోసారి కంట్లో ఒత్తిడి పెరిగి నొప్పితో చూపు పోతుంది కూడా. "ఎండాకాలం చేయించుకోకూడదు" అనేదీ నిజం కాదు. కానీ మన కొండల్లో ఇంకో లెక్క ఉంది. కాఫీ పండు కోసే నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఇంట్లో ఎవరికీ ఖాళీ ఉండదు. భారీ వర్షాల్లో ఘాట్ రోడ్డు ఎప్పుడు ఆగిపోతుందో చెప్పలేం. ఆపరేషన్ తర్వాత మళ్ళీ చూపించుకోవడానికి రెండు మూడుసార్లు కిందికి దిగాలి. తేదీ పెట్టుకునేటప్పుడు ఇవి చూసుకోండి.

ముందురోజు చెయ్యాల్సినవి

మొట్టమొదట మందులు. బీపీ మాత్ర సాధారణంగా ఆపరేషన్ రోజు పొద్దున కూడా వేసుకోమనే చెప్తారు. షుగర్ మాత్ర, ఇన్సులిన్ విషయం మాత్రం మీ డాక్టర్‌ని అడిగి తీరాలి. ఆ రోజు ఎప్పుడు తింటారు అనేదాన్ని బట్టి అది మారుతుంది. గుండె జబ్బుకి రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి, మీ అంతట మీరు ఆపొద్దు. మగవాళ్ళు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. మూత్రం సరిగ్గా రావడానికి, ప్రోస్టేట్ కోసం టామ్సులోసిన్ అనే మాత్ర వాడేవాళ్ళకి ఆపరేషన్ సమయంలో కంటిపాప సరిగ్గా తెరుచుకోదు. ముందే తెలిస్తే సర్జన్ దానికి తగ్గట్టు సిద్ధపడతారు. మూత్రం మాత్రకీ కంటికీ సంబంధం ఏంటని చాలామంది చెప్పరు. చెప్పాలి. పేర్లు గుర్తుండకపోతే మందుల సంచి మొత్తం పట్టుకెళ్ళండి.

రెండోది తిండి. శుక్లాల ఆపరేషన్ దాదాపు ఎప్పుడూ కన్ను మాత్రమే మొద్దుబారేలా చేసి చేస్తారు. కాబట్టి చాలా ఆసుపత్రుల్లో తేలికగా టిఫిన్ తిని రమ్మంటారు, షుగర్ ఉన్నవాళ్ళకైతే తినమనే గట్టిగా చెప్తారు. కొన్నిచోట్ల తినొద్దంటారు. పూర్తి మత్తు ఇచ్చే ఆపరేషన్లకి మాత్రం రూల్ వేరు. ఆరు గంటల ముందు నుంచి తిండి ఉండకూడదు, రెండు గంటల ముందు నుంచి మంచినీళ్ళు కూడా తాగకూడదు. పొట్టలో ఉన్నది మత్తులో ఊపిరితిత్తుల్లోకి వెళ్ళే ప్రమాదం ఉంది కాబట్టి. మీది ఏ రకమో తెలియకుండా ఊహించుకోవద్దు. "తిని రావాలా, మానాలా, మాత్రలు వేసుకోవాలా" అని ఫోన్ చేసి అడగండి. రమజాన్‌లో తేదీ పడితే రోజా సంగతి డాక్టర్‌కి చెప్పండి. వీలైతే ఈద్ తర్వాతకి మార్పించుకోండి. లేకపోతే ఆ రోజు సంగతి మీ ఆలిమ్‌ని ముందే అడగండి.

మూడోది స్నానం. తలస్నానం ముందురోజే చెయ్యండి, ఎందుకంటే తర్వాత చాలా రోజులు తల మీద నీళ్ళు పోసుకోనివ్వరు. సుర్మా, కాటుక పెట్టుకోకండి. గోళ్ళ రంగు తీసెయ్యండి, వేలికి పెట్టే ఆక్సిజన్ క్లిప్ దానివల్ల సరిగ్గా చూపించకపోవచ్చు. ముక్కుపుడకలు, కమ్మలు, కంటెలు ఇంట్లోనే ఉంచండి. మన కొండల్లో పెద్దవాళ్ళకి ముక్కు పోగులు తియ్యడం అంత సులువు కాదు. ఏళ్ళ తరబడి అలాగే ఉంటాయి. థియేటర్ గుమ్మం దగ్గర హడావుడిగా లాగే బదులు ముందురోజే నూనె రాసి మెల్లగా తియ్యండి.

నాలుగోది కాగితాలు. ఆధార్, రేషన్ కార్డు, ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన చీటీ, రక్త పరీక్షల రిపోర్టులు, ఈసీజీ తీసి ఉంటే అది. అన్నీ ఒకే కవర్‌లో పెట్టండి. పథకం కింద చేస్తున్నారా, పూర్తిగా ఉచితమా, కటకానికో మందులకో ఏమైనా కట్టాలా అనేది ముందే అడగడం మీ హక్కు.

అయిదోది తోడు మనిషి. ఒక కన్ను కట్టు కట్టి ఉంటుంది, రెండో కంటికి కూడా శుక్లం ఉంటే దాదాపు ఏమీ కనపడదు. తోడు లేకపోతే చాలా ఆసుపత్రులు చెయ్యరు. మన దగ్గర ఇంకో అవసరం కూడా ఉంది. కువి, ఆదివాసీ ఒడియా తప్ప తెలుగు సరిగ్గా రాని అవ్వలు, తాతలు ఇప్పటికీ ఉన్నారు. డాక్టర్ "కదలకండి" అంటే ఆ మాట అర్థమవ్వాలి. రెండు భాషలూ వచ్చిన మనిషినే తోడు పంపండి.

ఇక ప్రయాణం. కిరండూల్ ప్యాసింజర్ పొద్దున విశాఖ నుంచి పైకి వస్తుంది, తిరిగి కిందికి దిగేది సాయంత్రం. పొద్దున్నే ఆసుపత్రిలో ఉండాలంటే అది పనికిరాదు. మొదటి బస్సుకి బయలుదేరాలి, లేదా ముందు రాత్రే వెళ్ళి అక్కడ పడుకోవాలి. రాత్రి ఉండే చోటు ఉందా అని అడగండి. చాలా ఆసుపత్రుల్లో ఉచిత రోగులకి వార్డు ఉంటుంది.

చేరగానే: అదే ప్రశ్న పదిసార్లు

కౌంటర్‌లో పేరు రాయించుకున్నాక చేతికి ఒక పట్టీ కడతారు. బీపీ, షుగర్ చూస్తారు. వెనక్కి పంపేది ఎక్కువగా ఇక్కడే. బీపీ బాగా ఎక్కువ ఉంటే ఆపరేషన్‌లో కంట్లో రక్తస్రావం జరిగే ప్రమాదం ఉంటుంది. షుగర్ అదుపులో లేకపోతే ఇన్‌ఫెక్షన్ భయం ఉంటుంది. దగ్గు, జ్వరం, కంటికి కలక, రెప్ప మీద కురుపు ఉన్నా వాయిదా వేస్తారు. కోపం వస్తుంది, నాకూ వచ్చింది. కానీ ఆ రోజు వద్దన్నది నానీ కన్ను కాపాడటానికే. ఈ ఇబ్బందులు ఏవైనా ఉంటే ఇంటి నుంచే ఫోన్ చేసి చెప్తే ప్రయాణం ఖర్చు మిగులుతుంది.

కంటి పరీక్షల్లో ఒకటి వింతగా ఉంటుంది. కంటి మూల నుంచి సన్నటి సూదిలాంటి గొట్టంతో ఉప్పునీళ్ళు పంపిస్తారు. గొంతులో ఉప్పగా తగిలిందా అని అడుగుతారు. తగిలితే కన్నీటి నాళం బాగానే ఉందని అర్థం. అది మూసుకుపోయి చీము ఉంటే ముందు దానికి వైద్యం చెయ్యాలి. ఇంకో మెషీన్‌తో కంటి పొడవు, నల్లగుడ్డు వంపు కొలుస్తారు. ఆ కొలతలతోనే మీ కంట్లో పెట్టే కటకం పవర్ లెక్క కడతారు. అందరికీ ఒకే కటకం పెట్టరు.

తర్వాత పది పదిహేను నిమిషాలకోసారి చుక్కలు వేస్తుంటారు. కంటిపాప పెద్దది కావడానికి. చూపు ఇంకా మసకబారుతుంది, వెలుతురు గుచ్చుకుంటుంది. భయపడొద్దు. ఈ ఎదురుచూపు ఎక్కువసేపు ఉంటుంది. మూత్రానికి ఇప్పుడే వెళ్ళి రండి.

నర్సు, టెక్నీషియన్, డాక్టర్, ఎవరు వచ్చినా "పేరేంటి? ఏ కన్ను?" అని అడుగుతారు. మా నానీకి విసుగొచ్చి, "ఇంతమంది ఉన్నారు, ఒకళ్ళకీ గుర్తుండదా?" అంది. మర్చిపోయి కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తెచ్చిన ఆపరేషన్ భద్రతా చెక్‌లిస్టు ప్రకారం మత్తుకి ముందు, కోతకి ముందు, అయిపోయాక మూడుసార్లు సరిచూడాలి. ఒకరికి చెయ్యాల్సింది ఇంకొకరికి, ఎడమకి బదులు కుడికి జరగకుండా ఇదే కాపలా. ఆ కంటి పైన నుదుటి మీద పెన్నుతో గుర్తు పెడతారు. చెరపకండి. తప్పు కన్ను మీద గుర్తు పెట్టారనిపిస్తే వెంటనే గట్టిగా చెప్పండి. నామోషీ పడాల్సిన పని లేదు.

సంతకం, వేలిముద్ర

ఆపరేషన్‌కి ముందు ఒప్పుకోలు కాగితం ఇస్తారు. చాలామంది చదవకుండానే వేలిముద్ర వేసేస్తారు. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది: రోగికి జబ్బు ఏంటో, ఏం చెయ్యబోతున్నారో, లాభనష్టాలేంటో, వేరే దారి ఉందా అనేవి తగినంతగా చెప్పాకే ఇచ్చిన ఒప్పుకోలు ఒప్పుకోలు అవుతుందని. ఒక వైద్యానికి ఇచ్చిన ఒప్పుకోలు ఇంకో దానికి చెల్లదు. కాబట్టి "ఏ కంటికి చేస్తున్నారు, ఏ పద్ధతిలో, కటకం పెడతారా, చూపు ఎంతవరకు రావచ్చు, ఏం తేడా జరగొచ్చు" అని అడగండి. తెలుగులో చెప్పమనండి. తెలుగు రాకపోతే తోడు మనిషి చెప్పేదాకా ఆగమనండి. ఆ తర్వాతే వేలు పెట్టండి.

కంటి వెనక నరం ముందే దెబ్బతిని ఉంటే, షుగర్ వల్ల రెటీనా పాడై ఉంటే, శుక్లం తీసినా పూర్తి చూపు రాదు. ఆ మాట ఆపరేషన్ ముందే తెలుసుకుంటే తర్వాత "ఆపరేషన్ చెడగొట్టారు" అనే బాధ ఉండదు.

థియేటర్ లోపల

గౌను, టోపీ వేస్తారు. ముఖం కడుగుతారు. కంట్లో గోధుమరంగు అయొడిన్ చుక్కలు వేస్తారు, కొంచెం మంట పుడుతుంది. ఇన్‌ఫెక్షన్ రాకుండా ఆపడంలో ఈ చుక్కలది పెద్ద పాత్ర.

కన్ను మొద్దుబారడానికి కొందరికి చుక్కలు సరిపోతాయి. చాలామందికి కంటి కింద పక్కన ఒక ఇంజక్షన్ ఇస్తారు. ఒకసారి చురుక్కుమంటుంది, ఆ తర్వాత బరువుగా అనిపిస్తుంది. గుడ్డులోకి గుచ్చరు, గుడ్డు చుట్టూ ఉన్న ఖాళీలోకి మందు పంపిస్తారు. "కన్ను బయటికి తీసి, కడిగి మళ్ళీ పెడతారు" అని ఊళ్ళో అనుకుంటారు. నానీ కూడా అదే భయంతో రెండేళ్ళు వాయిదా వేసింది. అది పచ్చి అబద్ధం. కన్ను ఎక్కడిదక్కడే ఉంటుంది.

లోపల చల్లగా ఉంటుంది. వెల్లకిలా పడుకోబెట్టి, ముఖం మీద గుడ్డ కప్పుతారు, ఆ కంటి దగ్గర మాత్రమే రంధ్రం ఉంటుంది. గాలి ఆడదేమోనని కంగారు పడొద్దు, గుడ్డ కింద ఆక్సిజన్ గొట్టం పెడతారు. మెలకువగానే ఉంటారు. మాటలు వినపడతాయి, వెలుగు, రంగులు కదిలినట్టు కనపడొచ్చు, నీళ్ళు కారినట్టు ఉంటుంది. నొప్పి ఉండకూడదు. నొప్పి ఉంటే తల కదపకుండా నోటితో చెప్పండి, ఇంకాస్త మందు ఇస్తారు. దగ్గు గానీ తుమ్ము గానీ వస్తుంటే కూడా ముందే చెప్పండి, డాక్టర్ ఆగుతారు. వెల్లకిలా పడుకుంటే ఆయాసం వచ్చేవాళ్ళు లోపలికి రాకముందే చెప్పాలి.

ఆపరేషన్ రెండు రకాలు. ఒకటి ఫేకో. ఇందులో రెండు మూడు మిల్లీమీటర్ల కోతలోంచి శబ్ద తరంగాలతో శుక్లాన్ని ముక్కలు చేసి పీల్చేస్తారు. అమెరికా డాక్టర్ చార్లెస్ కెల్మన్ 1967లో మొదలుపెట్టిన పద్ధతి ఇది. రెండోది చేత్తో చేసే చిన్న కోత పద్ధతి. కోత కొంచెం పెద్దది, కానీ అదీ సాధారణంగా కుట్లు లేకుండానే మూసుకుంటుంది. బాగా ముదిరిన శుక్లాలకి, శిబిరాల్లో ఎక్కువగా ఇదే చేస్తారు. ఖరీదైన మెషీన్ అక్కర్లేదు కాబట్టి చౌక. అనుభవం ఉన్న చేతిలో ఫలితం రెండింటిలోనూ బాగానే ఉంటుంది. "ఉచితం కాబట్టి పాత పద్ధతి చేశారు" అనుకోవద్దు.

రెండింటిలోనూ శుక్లం తీశాక దాని స్థానంలో చిన్న ప్లాస్టిక్ కటకం పెడతారు. ఈ ఆలోచన లండన్ డాక్టర్ హెరాల్డ్ రిడ్లీది. రెండో ప్రపంచయుద్ధంలో విమానాల అద్దం ముక్కలు పైలట్ల కళ్ళలో గుచ్చుకున్నా, ఆ రకం ప్లాస్టిక్‌ని కన్ను తట్టుకుంటోందని ఆయన గమనించాడు. 1949లో మొదటిసారి ఒక రోగి కంట్లో కటకం పెట్టాడు. మన దేశంలో మదురై అరవింద్ ఆసుపత్రివాళ్ళు 1992లో సొంతంగా ఆరోల్యాబ్ పెట్టి కటకాలు తయారు చెయ్యడం మొదలుపెట్టాకే ధర పేదవాడికి అందేంత దిగింది. అంతకుముందు శుక్లం తీసి వదిలేసేవాళ్ళు, జీవితాంతం భూతద్దంలాంటి లావు కళ్ళజోడు పెట్టుకోవాలి. ఆపరేషన్ తర్వాత రోజుల తరబడి కదలకుండా మంచం మీదే ఉండాలి. మన పెద్దవాళ్ళ భయం ఆ రోజులది. వాళ్ళు చూసింది నిజమే, కానీ ఇప్పుడు జరిగేది అది కాదు.

ఇదంతా పది నుంచి ఇరవై నిమిషాల పని. నానీ బయటికి వచ్చి "అయిపోయిందా? ఇంకా మొదలుపెట్టలేదనుకున్నా" అంది.

ఆ సాయంత్రం, ఆ రాత్రి

కంటికి దూది కట్టు, పైన ప్లాస్టిక్ కవచం పెడతారు. కాసేపు కూర్చోబెట్టి టీ, బిస్కెట్ ఇస్తారు. మందు ప్రభావం తగ్గాక కొంచెం నొప్పి, ఇసుక పడినట్టు గరగర, నీళ్ళు కారడం మామూలే. ఇచ్చిన మాత్రతో తగ్గాలి.

పట్నం వాళ్ళని అదే రోజు ఇంటికి పంపిస్తారు, మర్నాడు పొద్దున కట్టు విప్పడానికి రమ్మంటారు. కొండ మీది నుంచి వచ్చినవాళ్ళు ఆ రాత్రి కిందే ఉండటం మంచిది. ఘాట్ రోడ్డు మలుపుల్లో వాంతులు అయితే ఆపరేషన్ అయిన కంటికి మంచిది కాదు, పైగా మర్నాడు మళ్ళీ దిగాలి. రాత్రి ఆ కన్ను వైపు ఒత్తిగిలి పడుకోవద్దు.

మర్నాడు కట్టు విప్పగానే కొందరికి స్పష్టంగా కనపడుతుంది, కొందరికి కొన్ని రోజులు మసకగా ఉంటుంది. రెండూ మామూలే. చూపు కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, కళ్ళజోడు నంబర్ అప్పుడే రాస్తారు. రెండో కంటికి అదే రోజు చెయ్యరు, కొన్ని వారాలు ఆగుతారు.

ఇంటికొచ్చాక: అసలు కష్టం ఇక్కడే

చుక్కల మందు నాలుగు నుంచి ఆరు వారాలు వెయ్యాలి. మొదట్లో రోజుకి చాలాసార్లు, తర్వాత తగ్గిస్తూ. సబ్బుతో చేతులు కడుక్కుని, సీసా మూతి రెప్పకి తగలకుండా వెయ్యాలి. కన్ను బాగుందని మధ్యలో మానొద్దు. అయిపోయాయని ఎవరి సీసానో వాడొద్దు.

కంట్లోకి నీళ్ళు, పొగ, దుమ్ము వెళ్ళకూడదు. నలపకూడదు. బరువు ఎత్తకూడదు, ముందుకి బాగా వంగకూడదు. చెప్పడం తేలిక. కట్టెల మోపు, నీళ్ళ బిందె, కట్టెల పొయ్యి ఉన్న ఇంట్లో అవన్నీ చేసేది ఆ అవ్వే అయితే? ఆపరేషన్ తేదీ పెట్టుకునే ముందే ఆ రెండు మూడు వారాలు నీళ్ళు ఎవరు తెస్తారు, పొయ్యి దగ్గర ఎవరు ఉంటారు, మేకలని ఎవరు తోలుకెళ్తారు అనేది ఇంట్లో కూర్చుని తేల్చుకోండి. ఆసుపత్రివాళ్ళు ఈ ప్రశ్న అడగరు. ఇంట్లోవాళ్ళే అడగాలి.

నమాజ్ గురించి మా నానీ అడిగిన మొదటి ప్రశ్న: "సజ్దా చెయ్యొచ్చా?" డాక్టర్ కొన్ని రోజులు తల కిందికి వంచొద్దన్నారు. కుర్చీలో కూర్చుని సైగతో చదువుకుంది. వుజూలో కంటి చుట్టూ నీళ్ళు పొయ్యకుండా ఎలా చెయ్యాలో మా మసీదు ఇమామ్ సాబ్ చెప్పారు. ఎన్ని రోజులు అనేది డాక్టర్‌ని, ఎలా అనేది ఆలిమ్‌ని అడగండి. గుడికి వెళ్ళే ముందు తలస్నానం చేసే అలవాటు ఉన్నవాళ్ళకీ ఇదే జాగ్రత్త.

ఈ లక్షణాలు కనపడితే ఆగొద్దు

నొప్పి తగ్గాల్సింది పోయి రోజురోజుకీ పెరగడం. వచ్చిన చూపు మళ్ళీ తగ్గడం. కన్ను బాగా ఎర్రబడటం, రెప్పలు వాయడం, చీము లాంటి పుసి. మెరుపులు, నల్లటి తెర అడ్డం వచ్చినట్టు ఉండటం. వీటిలో ఏది కనపడినా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. కంటి లోపల ఇన్‌ఫెక్షన్ చాలా అరుదు, కానీ వస్తే గంటల లెక్కలో చూపు పోతుంది. "సంత రోజు ఎలాగూ దిగుతాం కదా, అప్పుడు చూపిద్దాం" అనుకుంటే ఆలస్యమైపోతుంది.

అందుకే డిశ్చార్జ్ అయ్యే ముందు రెండు విషయాలు అడిగి రాయించుకోండి. రాత్రిపూట కూడా ఎత్తే ఫోన్ నంబర్ ఏది? అనంతగిరికి దగ్గరలో ముందుగా ఎవరికి చూపించాలి? మీ ఊళ్ళో సిగ్నల్ రాకపోతే సిగ్నల్ దొరికే చోటు ఎక్కడో, ఫోన్ చెయ్యాల్సింది ఎవరో ఇంట్లో పిల్లలకి కూడా చెప్పి ఉంచండి. రోడ్డు లేని ఊరు నుంచి డోలీ మీద రోడ్డు దాకా తేవాలంటే నలుగురు మనుషులు కావాలి. ఆ నలుగురితో కూడా ముందే మాట పెట్టుకోండి.

బయలుదేరే ముందు ఒకసారి సరిచూసుకోండి

- తినాలా వద్దా, ఏ మాత్రలు వేసుకోవాలి: ఫోన్ చేసి అడిగారా?
- బీపీ, షుగర్ రెండు మూడు రోజుల ముందు దగ్గరి ఆరోగ్య కేంద్రంలో చూపించారా?
- దగ్గు, జ్వరం, కంటి కలక లేవు కదా?
- ఆధార్, రిపోర్టులు, మందుల సంచి పెట్టుకున్నారా?
- తలస్నానం అయిందా, నగలు తీశారా?
- భాష తెలిసిన తోడు మనిషి ఉన్నారా?
- రాత్రి ఉండే చోటు, మర్నాడు తిరిగొచ్చే బస్సు చూసుకున్నారా?
- రెండు మూడు వారాలు ఇంటి పని ఎవరు చేస్తారో తేల్చుకున్నారా?

ఇందులో రెండోది మేము ముందే చేసి ఉంటే నానీ ఒక్కసారే వెళ్ళొచ్చేది. రెండోసారి వెళ్ళేముందు వారం రోజులు మాత్రలు మా అమ్మీ దగ్గరుండి వేసింది, షుగర్ చూపించింది, అప్పుడే బస్సెక్కాం. ఇప్పుడు నానీ ఆపరేషన్ అయిన కంటితో ఖురాన్‌లో పెద్ద అక్షరాలు చదువుతోంది. రెండో కంటికి తేదీ ఎప్పుడని తనే అడుగుతోంది.